వాక్యంలో వేళ్లూనుకోవాలనుకునే యువకుడికి: తరచుగా అడిగే ప్రశ్నలు

యవ్వనస్థుల బైబిలు స్టడీలో అసలు ప్రశ్నలు మీటింగ్ జరుగుతున్నప్పుడు రావు. ముగింపు ప్రార్థన అయిపోయి, కుర్చీలు సర్దేటప్పుడు ఒకడు వెనక ఉండిపోతాడు. "అన్నా, ఒక్క మాట" అంటాడు. ఏళ్లు గడిచేకొద్దీ మనుషులు మారారు కానీ ఆ ఒక్క మాట పెద్దగా మారలేదు. అందుకే వాళ్లు అడిగినవి వాళ్లడిగిన తీరులోనే ఇక్కడ రాసి పెట్టాను. ఎక్కువమంది నన్ను అన్నా అనే పిలుస్తారు కాబట్టి నేనూ "నువ్వు" అనే రాస్తున్నాను. నీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపో.

## మొదలుపెట్టకముందు

నాకు బైబిలు చదవాలన్న ఆశే లేదు. ఆశ లేకుండా చదివితే అది వేషధారణ కాదా?

లేనిది ఉన్నట్టు నలుగురికీ చూపించుకుంటే వేషధారణ. "ప్రభువా, నాకు ఆశ లేదు" అని ఆయనతోనే చెప్పి పుస్తకం తెరిస్తే అది నిజాయితీ. 119వ కీర్తన చూడు. దేవుని వాక్యాన్ని ప్రేమించడం గురించి అంత పొడవైన పాట బైబిల్లో ఇంకోటి లేదు, 176 వచనాలు. అది రాసిన మనిషి కూడా 36వ వచనంలో నా హృదయాన్ని నీ శాసనాలవైపు తిప్పు అని బతిమాలుకున్నాడు. తనంతట తాను తిరిగే హృదయమైతే ఆ ప్రార్థన ఎందుకు? ఇక చివరి వచనం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. వాక్యాన్ని అంతగా పొగిడిన మనిషి, తప్పిపోయిన గొర్రెలా దారి తప్పాను, నీ సేవకుణ్ని వెతుకు అంటూ ముగించాడు. ఆశ చాలాసార్లు చదవడం మొదలయ్యాకే వస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఆదికాండం నుంచి వరసగానా?

మార్కు సువార్తతో మొదలుపెట్టు. 16 అధ్యాయాలే. మామూలు వేగంతో చదివితే సుమారు గంటన్నర పడుతుంది. మొదటిసారి ఒకేసారి కూర్చుని మొత్తం చదివెయ్, ఏమీ గీయకుండా, ఏమీ రాయకుండా, కథ వింటున్నట్టు. తర్వాత యోహాను సువార్త 21 అధ్యాయాలు నెమ్మదిగా చదువు. ఆ తర్వాత అపొస్తలుల కార్యములు. అప్పుడు ఆదికాండానికి, నిర్గమకాండం మొదటి 20 అధ్యాయాలకు వెళ్లు. పక్కన రోజుకో కీర్తన.

మొదటి పేజీ నుంచి వరసగా వెళ్లినవాళ్లలో చాలామంది నిర్గమకాండం 25 దగ్గర ఆగిపోతారు. అక్కడి నుంచి ప్రత్యక్ష గుడారం, అంటే ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం, కొలతలు మొదలవుతాయి. నేను మూడుసార్లు అక్కడే ఆగిపోయాను. ప్రతిసారీ నేను భక్తిహీనుణ్నని అనుకున్నాను కానీ, మొదలుపెట్టిన చోటే తప్పని నాకెవరూ చెప్పలేదు. 66 పుస్తకాలు కాలక్రమంలో పేర్చినవి కావు. ఆ వరసలోనే చదవాలన్న ఆజ్ఞ ఎక్కడా లేదు.

66 పుస్తకాలంటారు, క్యాథలిక్ స్నేహితుడి బైబిల్లో 73 ఉన్నాయి. ఎందుకు?

కొత్త నిబంధన ఇద్దరిదీ ఒకటే, 27 పుస్తకాలు. తేడా పాత నిబంధనలో ఉంది. ప్రొటెస్టెంట్ బైబిల్లో అవి 39. క్యాథలిక్ బైబిల్లో తోబితు, యూదితు, మక్కబీయుల గ్రంథాలు వంటి ఏడు పుస్తకాలు ఎక్కువ, అంటే 46. మీరిద్దరూ కలిసి చదవాలనుకుంటే సువార్తలు చేతిలో పెట్టుకోండి, ఏ అడ్డూ ఉండదు.

పాత అనువాదం చదవాలా, సులభ భాషలోదా?

రెండూ పక్కపక్కన పెట్టుకో. పాత అనువాదం గ్రాంథికంలో ఉంటుంది, కానీ మనకు నోటికొచ్చిన వచనాలు, పాటల్లో వినే మాటలు అందులోవే. దాని లయ మనసులో నిలుస్తుంది. అర్థం దగ్గర మాత్రం మొహమాటపడకు. "నాకు లేమి కలుగదు" అని చిన్నప్పటి నుంచీ చెబుతున్న ఒక తమ్ముడు, లేమి అంటే ఏదో జబ్బు అనుకుంటున్నానని ఇరవై ఏళ్ల వయసులో ఒప్పుకున్నాడు. కొదువ అని చెప్పగానే 23వ కీర్తన మొత్తం మళ్లీ చదివాడు, ఈసారి మెల్లగా. తెలియని మాట తగిలితే సులభ అనువాదంలో అదే వచనం చూడు, తర్వాత పాతదానికి తిరిగి రా.

ఫోన్‌లో చదివితే తప్పా?

తప్పేం కాదు. శతాబ్దాల తరబడి విశ్వాసుల్లో ఎక్కువమందికి సొంత ప్రతి ఉండేది కాదు, విని నేర్చుకున్నారు. కాకపోతే ఫోన్‌లో వాక్యం పక్కనే మిగతా లోకమంతా తలుపు తడుతూ ఉంటుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చదువు. కాగితం మీద ఒక లాభం ఉంది, ఫలానా మాట ఎడమ పేజీలో కింద ఉందని కంటికి గుర్తుంటుంది.

రోజుకు ఎన్ని అధ్యాయాలు?

బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. రోజుకు మూడు నాలుగు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. స్కాట్లండ్‌లో డండీ సంఘానికి కాపరిగా ఉన్న రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘస్థుల కోసం ఒక పట్టిక తయారుచేశాడు. రోజుకు సుమారు నాలుగు అధ్యాయాలు, ఏడాదికి పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు. మరుసటి ఏడు 29 ఏళ్లకే ఆయన చనిపోయాడు. ఆయన పట్టికను ఇవాళ్టికీ వాడుతున్నారు.

అయితే నువ్వు మొదటి ఆరు నెలలూ రోజుకు ఒక్క అధ్యాయమే చదువు. అప్పు తీర్చినట్టు చదవొద్దు. నిన్నటిది మిగిలిపోతే వదిలెయ్, ఇవాళ్టిది చదువు. పట్టికలు చేతిలో ఉన్నా మానేసినవాళ్లలో చాలామంది పేరుకుపోయిన బాకీ చూసి భయపడి మానేసినవాళ్లే.

## మొదటి వారాలు

కూర్చున్నాక అసలు ఏం చేయాలి?

ఒక చిన్న ప్రార్థన చెయ్, ఒక వాక్యం చాలు. భాగాన్ని రెండుసార్లు చదువు, అందులో ఒకసారి పైకి చదువు. తర్వాత పెన్ను పట్టుకో. ఉదాహరణకు మార్కు 4:35-41, తుఫాను. కలిసి చూద్దాం.

మొదట, కళ్లకు కనిపించేవి. సాయంత్రం. దోనె నీళ్లతో నిండుతోంది. యేసు వెనక భాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడు. ఇదే సంఘటన మత్తయిలోనూ లూకాలోనూ ఉంది కానీ తలగడ సంగతి చెప్పింది మార్కు ఒక్కడే. రోజంతా బోధించి అలసిపోయిన మనిషి, దొరికిన తలగడ మీద తల వాల్చాడు. ఆయన వెంట వేరే దోనెలు కూడా ఉన్నాయని మార్కే చెబుతాడు.

ఇప్పుడు ప్రశ్నలు లెక్కపెట్టు. మేము నశించిపోతుంటే నీకు చింత లేదా అని శిష్యులు ఆయన్ని అడిగారు. ఎందుకు భయపడుతున్నారు, మీకింకా నమ్మకం లేదా అని ఆయన వాళ్లను అడిగాడు. ఈయన ఎవరు, గాలీ సముద్రమూ కూడా ఈయనకు లోబడుతున్నాయే అని వాళ్లు ఒకరినొకరు అడుగుకున్నారు. చివరి ప్రశ్నకు ఆ పేజీలో జవాబు లేదు. మార్కు దాన్ని నీ ముందు వదిలేశాడు.

భయం ఎప్పుడు ఎక్కువైందో కూడా చూడు. గాలి అణిగి అంతా నిమ్మళమయ్యాకే వాళ్లు మిక్కిలి భయపడ్డారని ఉంది. తుఫాను కంటే తుఫానును ఆపినవాడు వాళ్లకు పెద్దగా కనిపించాడు.

ఇంత చూశాక ఒక్క వాక్యం రాయి. "నీకు చింత లేదా" అని నేను ఈ వారం ఏ విషయంలో ఆయన్ని అడిగాను? ఆ రాసినదాన్నే ప్రార్థనగా మార్చు. అంతా కలిపి ఇరవై నిమిషాలు.

ధ్యానించడం అంటే కళ్లు మూసుకుని కూర్చోవడమా?

మొదటి కీర్తనలో దివారాత్రము ధ్యానించేవాడు ధన్యుడు అని ఉంటుంది కదా, అక్కడున్న హెబ్రీ మాట "హాగా". దానికి లోగొంతుతో గొణుక్కోవడం అని అర్థం. యెహోషువ 1:8లోనూ ఇదే మాట. యెషయా 31:4లో వేట దొరికిన సింహం దాని మీద నిలబడి చేసే గుర్రుమనే శబ్దానికి కూడా ఇదే వాడారు. అంటే నోరు కదలాలి. ఉదయం చదివిన ఒక్క మాట పట్టుకుని నడుస్తూ, బండి కోసం నిలబడినప్పుడు, పడుకునేముందు పెదవుల మీద తిప్పుకోవడమే ధ్యానం. సింహం ఎముకను వదలనట్టు ఆ మాటను వదలకూడదు.

నాకు జ్ఞాపకశక్తి తక్కువ. కంఠస్థ వాక్యాలు తప్పనిసరా?

అరణ్యంలో శోధన వచ్చినప్పుడు యేసు మూడుసార్లూ లేఖనంతోనే జవాబిచ్చాడు, మూడూ ద్వితీయోపదేశకాండంలోవే, 6, 8 అధ్యాయాల నుంచి. గ్రంథపు చుట్టలు విప్పి వెతికే వ్యవధి అక్కడ లేదు. లోపల ఉన్నదే బయటికి వచ్చింది. నీకూ శోధన పుస్తకం తెరిచి ఉన్న సమయం చూసుకుని రాదు.

జ్ఞాపకశక్తి తక్కువంటావు కానీ ఎన్ని పాటలు నీకు మొదటి నుంచి చివరిదాకా వచ్చు? పైకి పలికితే వస్తుంది. వారానికి ఒక్క వచనం పెట్టుకో. విడివిడి వచనాల కంటే ఒక భాగమంతా నేర్చుకోవడం మంచిదని నా అభిప్రాయం, ముందు వెనకలు కూడా గుర్తుంటాయి. మొదటి కీర్తన ఆరే వచనాలు. ఆరు వారాలు.

తెల్లవారుజామునే చదవాలా?

యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకు వెళ్లాడని మార్కు 1:35లో ఉంది, అది మంచి అలవాటు. 119వ కీర్తనలోని భక్తుడు రాత్రి జాముల్లో కూడా మేలుకుని ధ్యానించాడు. నువ్వు రాత్రి డ్యూటీ చేస్తుంటే నీ ఉదయం మధ్యాహ్నమే. నువ్వు నిజంగా మెలకువగా ఉండే గంట ఏదో అది దేవునికివ్వు. రోజూ అదే గంట, అదే కుర్చీ.

## అర్థం కానప్పుడు

చదివింది అర్థం కావడం లేదు. నాలో పరిశుద్ధాత్మ లేడనా?

అలా అనుకోకు. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు రథంలో యెషయా చదువుతున్నాడు. చదువుతున్నది అర్థమవుతోందా అని ఫిలిప్పు అడిగితే, ఎవడైనా త్రోవ చూపకపోతే ఎలా అర్థమవుతుంది అన్నాడు. ఫిలిప్పు గద్దించలేదు, రథమెక్కి పక్కన కూర్చున్నాడు. పౌలు రాతల్లో అర్థం చేసుకోవడానికి కష్టమైనవి ఉన్నాయని పేతురే తన రెండో పత్రికలో రాశాడు. అర్థం కానిచోట పక్కన ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు సాగు. వారం చివర ఆ ప్రశ్నలు పట్టుకుని నీకంటే ఎక్కువ చదివినవాళ్ల దగ్గరికి వెళ్లు. నా పాత బైబిల్లో అలాంటి గుర్తులు ఇంకా ఉన్నాయి, కొన్నిటి మీద పదేళ్ల తర్వాత టిక్కు పడింది.

లేవీయకాండం, వంశావళులు దాటేస్తే పాపమా?

మొదటి ఏడాది దాటెయ్, పాపం కాదు. ఎప్పటికీ దాటేస్తే మాత్రం నష్టపోతావు. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించు అన్న ఆజ్ఞ మొదట కనిపించేది లేవీయకాండం 19:18లోనే. మత్తయి మొదటి అధ్యాయంలో పేర్ల వరస చదువుతూ స్త్రీల దగ్గర ఆగు: తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య. ఒక్కొక్కరి కథ తెలిశాక ఆ పేజీని విసుగ్గా చదవలేవు. రక్షకుడి వంశంలోంచి ఎవరినీ దాచిపెట్టలేదని తెలుస్తుంది.

కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టిన చోట వచ్చిన మాట దేవుని జవాబేనా?

ఈ అలవాటు మానుకోమని ప్రేమతో చెబుతున్నాను. దేవుడు అలా ఎప్పుడూ మాట్లాడడని నేననను. కానీ ముందు వెనకలు లేకుండా ఒక్క వచనాన్ని తెంపి వాడే పని అపవాది కూడా చేశాడు. దేవాలయ శిఖరం మీద వాడు యేసుకు చెప్పింది 91వ కీర్తనే. ప్రభువు దానికి ఇంకో లేఖనంతో జవాబిచ్చాడు.

చాలామంది పాతకాలపు గొప్ప సంఘ బోధకుడు అగస్టీను సంగతి ఎత్తుతారు. 386లో మిలాను నగరంలో, తోటలో ఏడుస్తూ, "తీసి చదువు" అన్న పిల్ల గొంతు విని ఆయన పుస్తకం తెరిచాడు. రోమా 13:13-14 కనిపించింది, జీవితం మారిపోయింది. నిజమే. కానీ అంతకుముందు ఆయన మిలాను బిషప్పు అంబ్రోసు ప్రసంగాలు వింటూ వచ్చాడు, పౌలు పత్రికలు చదువుతూ ఉన్నాడు. ఆ రోజు తెరిచింది ఆయన అప్పటికే చదువుతున్న పుస్తకమే.

యిర్మీయా 29:11 తీసుకో, యువకులు ఎక్కువగా పట్టుకునే మాట. అది బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అని ఆ ఉత్తరం చెబుతుంది. విన్నవాళ్లలో పెద్దవాళ్లు ఆ తిరిగి రావడాన్ని కళ్లారా చూడకుండానే పోయారు. ఇది తెలిశాక ఆ వచనం చిన్నదైపోలేదు నాకు. వచ్చే నెల ఇంటర్వ్యూ ఫలితం కంటే చాలా లోతైన నిరీక్షణ అందులో కనిపించింది. ఫిలిప్పీ 4:13 కూడా అంతే, దాని ముందు వచనంలో పౌలు ఆకలి గురించి, లేమి గురించి మాట్లాడుతున్నాడు, అది కూడా బంధకాల్లో ఉండి.

దావీదు, సమ్సోను అంత తప్పులు చేశారు. వాళ్లను ఆదర్శంగా ఎలా తీసుకోను?

జరిగింది చెప్పడం వేరు, చేయమని చెప్పడం వేరు. బైబిలు మనుషుల తప్పులను దాచదు. దావీదు బత్షెబ విషయంలో చేసినదంతా చెప్పి, 2 సమూయేలు 11 చివరి వాక్యంలో, అది యెహోవా దృష్టికి చెడ్డదిగా ఉందని తేల్చేసింది. కథ చదివేటప్పుడు ఆ తీర్పు ఎక్కడుందో వెతుకు. కొన్నిసార్లు మాటల్లో ఉంటుంది, కొన్నిసార్లు తర్వాత జరిగినదానిలో.

బైబిలు మార్చేశారని కాలేజీలో అంటున్నారు. ఏం చెప్పాలి?

ముందు కోపం తెచ్చుకోకు, అడగదగిన ప్రశ్నే. 1947లో మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో పాత గ్రంథపు చుట్టలు బయటపడటం మొదలైంది. వాటిలో యెషయా గ్రంథం పూర్తి చుట్ట ఒకటి ఉంది. అప్పటిదాకా మన దగ్గరున్న హెబ్రీ ప్రతుల కంటే సుమారు వెయ్యేళ్లు పాతది. పోల్చి చూస్తే అక్షరాల్లో, పదాల్లో చిన్న తేడాలు చాలానే కనిపించాయి, కానీ చెప్పిన సంగతి ఒకటే. యోహాను సువార్తలోని చిన్న ముక్క ఒకటి రెండో శతాబ్దానిదని ఎక్కువమంది పండితులు లెక్కగడతారు.

అదే సమయంలో నిజాయితీగా ఉండు. మార్కు 16:9-20, యోహాను 7:53 నుంచి 8:11 వరకు ఉన్న భాగం అతి పాత ప్రతుల్లో లేవు. చాలా బైబిళ్లు ఆ సంగతి పేజీ కిందనే అచ్చువేస్తాయి. దాచిపెట్టాలనుకునేవాళ్లు అలా అచ్చువేయరు కదా. ఇవి ముందే తెలిసినవాడు ఎవరో క్లాసులో చెప్పినప్పుడు కంగారుపడడు.

## ఎండిపోయినప్పుడు, పడిపోయినప్పుడు

రోజూ చదువుతున్నా ఏమీ అనిపించడం లేదు. ప్రార్థన గోడకు తగిలి తిరిగొస్తోంది.

13వ కీర్తన మొదటి రెండు వచనాల్లో దావీదు నాలుగుసార్లు "ఎంతవరకు" అంటాడు. 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా లేదు. దేవుడు ఆ పాటను తన పుస్తకంలో ఉంచాడు. నీకు మాటలు రాని రోజు ఆ కీర్తనను నీ ప్రార్థనగా పైకి చదువు. భావం రాలేదని ఆ రోజు వృథా అయినట్టు కాదు.

ఇంకో సంగతి. వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలని అనిపించకపోతే ఇంటివాళ్లకు చెప్పు, డాక్టరును కలువు. అది విశ్వాసం తక్కువై కాదు. ఏలీయా చచ్చిపోతాను ప్రభువా అని బదరీచెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు.

రాత్రి చూడకూడనివి ఫోన్‌లో చూసి, పొద్దున్నే బైబిలు ఎలా పట్టుకోను?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు ఎవ్వరూ తలెత్తి చూడరు. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తున్నాను.

ఆ పొద్దున్నే పట్టుకో. సిగ్గు నిన్ను వాక్యానికి దూరంగా వారం రోజులు ఉంచితే, ఆ వారం శోధనకు ఇంకా తేలిక. పేతురు ప్రభువును ఎరగనన్నది నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ. యోహాను 18:18లో ఆ బొగ్గుల మంటకు వాడిన గ్రీకు మాట కొత్త నిబంధనలో ఇంకొక్క చోటే వస్తుంది, 21:9లో. అక్కడ తిరిగి లేచిన యేసు ఒడ్డున అలాంటి బొగ్గుల మంటే వేసి, చేపలు కాల్చి, రండి భోజనం చేయండి అన్నాడు. పేతురు ఆ వాసన పీల్చి ఏమనుకున్నాడో యోహాను రాయలేదు. కానీ ప్రభువు అతన్ని ముందు తినమన్నాడు, తర్వాతే "నన్ను ప్రేమిస్తున్నావా" అని అడిగాడు. ఆ మంట దగ్గరికి నువ్వూ వెళ్లొచ్చు. మన పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమించి శుద్ధి చేస్తాడని 1 యోహాను 1:9 అంటుంది.

అయితే వచనాన్ని తాయత్తులా వాడొద్దు. "యౌవనస్థులు దేనిచేత తమ నడత శుద్ధిపరచుకొందురు?" అని అడిగిన కీర్తన 119:9, వాక్యాన్ని బట్టి జాగ్రత్తగా చూసుకోవడం చేతనే అని జవాబిస్తుంది. జాగ్రత్త అన్న మాట గమనించు. యోసేపు పోతీఫరు భార్య దగ్గర నిలబడి వాదించలేదు, వస్త్రం వదిలేసి పారిపోయాడు. నీ విషయంలో వదలాల్సిన వస్త్రం ఫోన్ కావచ్చు. రాత్రి ఛార్జింగ్ పడకగదిలో కాకుండా వేరే గదిలో పెట్టు. నమ్మదగిన ఒక్క మనిషికి, నీ వయసువాడికో నీకంటే పెద్దవాడికో, పేరు పెట్టి చెప్పు. మీ పాపాలు ఒకనితో ఒకడు ఒప్పుకోండి అని యాకోబు అందుకే రాశాడు. ఎంత ప్రయత్నించినా చేయి దాటిపోతోందనిపిస్తే కౌన్సెలరు సాయం తీసుకోవడం అవమానం కాదు.

సందేహాలు వస్తున్నాయి. నా విశ్వాసం పోతున్నట్టా?

బాప్తిస్మమిచ్చు యోహాను కంటే గట్టివాడెవరు? చెరసాలలో పడ్డాక, రాబోవువాడవు నీవేనా, మేము మరొకరి కోసం కనిపెట్టాలా అని యేసును అడిగించాడు. యేసు కోప్పడలేదు. గుడ్డివాళ్లు చూస్తున్నారు, బీదలకు సువార్త అందుతోంది అంటూ యోహానుకు బాగా తెలిసిన యెషయా మాటలతోనే జవాబు పంపాడు. ఆ వెంటనే జనం ముందు యోహానును పొగిడాడు. తోమా కూడా నమ్మనన్న తర్వాత ఎనిమిది రోజులు శిష్యులతోనే ఉన్నాడు, వెళ్లిపోలేదు. నీ సందేహాన్ని కాగితం మీద స్పష్టంగా రాయి. రాయలేకపోతే అది ప్రశ్న కాకపోవచ్చు, గాయం కావచ్చు. రెండిటికీ మందు వేరు.

మూడు నెలలుగా పూర్తిగా మానేశాను.

ఇవాళ ఒక కీర్తన చదువు.

## నిలదొక్కుకుంటున్నప్పుడు

నాకు దేవుడూ బైబిలూ చాలు. సంఘంతో పనేముంది?

నీ చేతిలోని పత్రికల్లో ఎక్కువ భాగం సంఘాలకు రాసినవి, అందరూ కూడి ఉన్నప్పుడు పైకి చదవడానికి పంపినవి. ఒక సంఘంలో చదివించాక పక్క సంఘంలోనూ చదివించమని పౌలు కొలస్సయులకు రాశాడు. "మీరు" అని పత్రికల్లో ఉన్నచోట చాలాసార్లు అది బహువచనమే. సంఘంలో గాయపడి వచ్చినవాడివైతే నీ నొప్పిని నేను తేలిక చేయను. ముందు ఇద్దరు ముగ్గురితో కూర్చుని చదువు, అక్కడి నుంచి చూద్దాం.

ఇప్పుడు నాకు వాక్యం బాగానే తెలుసు. అందరి తప్పులూ కనిపిస్తున్నాయి.

తమ్ముడూ, ఇది ప్రమాదకరమైన చోటు. నేనూ అక్కడ రెండేళ్లు ఉన్నాను, ఆ రెండేళ్లలో ఇంట్లోవాళ్లు నాతో మాట్లాడాలంటే జంకేవాళ్లు. లేఖనాలు పరిశోధిస్తారు కానీ జీవం కోసం నా దగ్గరికి రారు అని యోహాను 5లో యేసు అన్నది బైబిలు బాగా తెలిసినవాళ్లతోనే. యాకోబు వాక్యాన్ని అద్దం అన్నాడు. అద్దంలో ముందు కనిపించాల్సింది నా ముఖం. ఎజ్రా 7:10లో వరస చూడు: పరిశోధించాడు, దాని ప్రకారం నడుచుకున్నాడు, ఆ తర్వాతే నేర్పాడు. మధ్య మెట్టు మీద ఎక్కువ కాలం ఉండు.

పాస్టర్ గారు చెప్పింది వాక్యానికి సరిపోవడం లేదనిపిస్తే?

బెరయ అనే ఊరివాళ్లు పౌలు చెప్పినదాన్నే రోజూ లేఖనాలతో సరిచూసుకున్నారు, అందుకు లూకా వాళ్లను ఘనులన్నాడు. కాబట్టి సరిచూడటం తిరుగుబాటు కాదు. తీరు మాత్రం ముఖ్యం. అపొల్లో అనే బోధకుడి బోధలో లోటు కనిపించినప్పుడు ప్రిస్కిల్ల, అకుల దంపతులు అతన్ని ఇంట్లోకి చేర్చుకుని విడమరచి చెప్పారు, నలుగురిలో నిలదీయలేదు. నువ్వూ ముందు ఆయన్ని విడిగా కలిసి, "నాకు ఇలా అర్థమైంది, సరిగా విన్నానా?" అని అడుగు. అయితే ఎవరైనా ప్రశ్నించడమే పాపం అంటే, లేదా డబ్బు, శరీరం, రహస్యం విషయంలో నిన్ను ఒత్తిడి చేస్తే, ఆ చోటు వదిలి బయటి పెద్దలకు చెప్పు.

ఏ ఉద్యోగం, ఎవరితో పెళ్లి అన్నది బైబిల్లో ఎలా వెతకాలి?

పేరు, చిరునామా అందులో దొరకవు. ఎలాంటి మనిషివి కావాలో దొరుకుతుంది. సామెతలు 31 అధ్యాయాలు, తారీకును బట్టి రోజుకొకటి చదువు. కష్టం, కోపం, స్నేహం, అప్పు, నోరు, అన్నిటి గురించీ ఉంది. ఏడాది అలా చదివినవాడు నిర్ణయం తీసుకునే తీరే మారిపోతుంది.

## తల్లిదండ్రులు, పెద్దలు అడిగేవి

మా అబ్బాయి బైబిలు ముట్టుకోవడం లేదు. గట్టిగా చెప్పి చదివించమంటారా?

అమ్మా, నాన్నగారూ, మీ బాధ నాకు తెలుసు. ద్వితీయోపదేశకాండం 6లో పిల్లలకు నేర్పమని చెప్పేముందు, ఈ మాటలు నీ హృదయంలో ఉండాలి అని ఉంది. వరస అది. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉండి, అక్కడి నుంచి అతనికి వచ్చిందని పౌలు గుర్తుచేస్తాడు. యోషీయా అయితే ఆమోనులాంటి చెడ్డ రాజు కొడుకు. ఎనిమిదేళ్లకు సింహాసనమెక్కి, పదహారేళ్లకు దేవుణ్ని వెతకడం మొదలుపెట్టాడు. ధర్మశాస్త్ర గ్రంథం దొరికి చదివి వినిపించేసరికి ఇరవై ఆరు, బట్టలు చింపుకున్నాడు. మీ అబ్బాయికి ఇంకా వ్యవధి ఉంది.

వాడి ముందు మీరు చదువుతూ కనిపించండి. మీకు అర్థం కానిది వాడినే అడగండి, "ఇక్కడ ఏమంటున్నాడురా?" అని. వాడు జవాబు చెప్పడానికి పుస్తకం దగ్గరికి లాక్కుంటాడు. పరీక్షలు, మార్కులు, తోటివాళ్లతో పోలికలు మాత్రం వాక్యంతో కలపకండి.

వాడికి ఎలాంటి బైబిలు కొనివ్వాలి?

అక్షరాలు కంటికి హాయిగా ఉండి, అంచుల్లో రాసుకోవడానికి చోటున్నది చాలు. వీలైతే దానితోపాటు మీరు గీతలు గీసుకున్న మీ పాత బైబిలు కూడా ఇవ్వండి. మా నాన్నగారిది నా దగ్గరుంది. 121వ కీర్తన పక్కన పెన్సిలుతో ఒక తారీకు, దాని కింద నా పేరు ఉన్నాయి. ఆ రోజు నేను ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయిన రోజు.